నాయన తుంటి, మా అందరి ఉద్యోగాలు

ఒక ఎముక విరిగితే దాన్ని అతికించడానికి ఒక డాక్టరు చాలని చాలా ఏళ్లు అనుకున్నాను. మా నాయన తుంటి విరిగాక గానీ తెలియలేదు, అదొక పెద్ద ఆఫీసని. అందులో ఎవరి కుర్చీ వాళ్లది, ఎవరి గొప్ప వాళ్లది. నేను గిద్దలూరు దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఎడమ కాలు, కుడి కాలు అని అరవడం నా పని. అది కూడా ఒక ఉద్యోగమేనని మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు. జీతం వస్తోంది కాబట్టి ఊరుకున్నారు.

నాయన పడింది స్నానాల గది ముందు పరిచిన నాపరాళ్ల మీద. వాటిని పరిపించింది ఆయనే. నున్నగా ఉండాలని మేస్త్రీతో పోట్లాడి మరీ పాలిషు పట్టించాడు. తర్లుపాడు అవతల మా పల్లెలో అంత నున్నటి రాళ్లు ఇంకే ఇంట్లోనూ లేవని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఒకరోజు పొద్దున తడికాలితో ఆ గొప్ప మీదే జారాడు. మా వదిన నాకు ఫోన్ చేసి, "మామ జారి పడినాడు, ఏం కాలేదులే, కుడికాలు మాత్రం పక్కకు తిరిగిపోయి ఉంది" అంది. చెడ్డ కబురు చెప్పేటప్పుడు మా వాళ్లు ముందు ఏం కాలేదని చెప్పి మొదలుపెడతారు.

నేను బస్సులు మారి ఊరికి చేరేసరికి మా మేనత్త హనుమంతునిపాడు నుంచి నాకంటే ముందే దిగి ఉంది. నాయనను ఆసుపత్రికి తీసుకుపోవాలా, కట్టు కట్టేవాడి దగ్గరకు తీసుకుపోవాలా అని వాకిట్లో సభ జరుగుతోంది. అత్త కట్టు వైపు. పెద్దన్న ఎటూ తేల్చుకోలేదు. చిన్నన్న అందరికీ టీలు తెప్పిస్తున్నాడు. ఇంతమంది మాట్లాడుతుంటే విరిగిన కాలు గలాయన లోపల మంచం మీద ఒక్కడే పడుకుని ఉన్నాడు.

నేను పోయి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "పాప, నన్ను మంచంలో పెట్టబాకండి. మీ అమ్మను చూసినాం గదా. నేనట్ల పోను" అన్నాడు. మా అమ్మ కాళ్లు పడిపోయి ఏళ్ల తరబడి అదే గదిలో, అదే కిటికీ వైపు చూస్తూ పోయింది. నాయనకు చావంటే భయం లేదు. ఒకరు వచ్చి తిప్పి పడుకోబెట్టే బతుకంటే భయం. ఆ మాట విన్నాక నేను వాకిట్లోకి వచ్చి బడిలో అరిచినట్టే అరిచాను. సభ ముగిసింది. అంబులెన్సు మార్కాపురం బయల్దేరింది.

అక్కడ ఎముకల ఆసుపత్రిలో మొదట కనిపించింది సర్జను గారు. ఆయన ఎక్స్‌రేను లైటుకు పెట్టి చూసినంత సేపు మా అందరికీ ఊపిరి ఆగింది. మాటలు ఆయన దగ్గర చాలా తక్కువ. "లోపల రాడ్డు వేస్తాం. వేయడం నా పని. మర్నాటి నుంచి నడవడం పెద్దాయన పని. ఆయన పని ఆయన చేయకపోతే నేను చేసింది దండగ" అన్నాడు. ఇందులో మా పెద్దన్నకు వినబడింది రాడ్డు ఒక్కటే. "ఏ కంపెనీది వేస్తారు సార్?" అని అడిగాడు, ట్రాక్టరుకు సామాను కొనేటప్పుడు అడిగినట్టు. నడవడం గురించిన మాట గాలికి పోయింది.

తర్వాత గుండె డాక్టరు. ఎముకలవాళ్లు గుండెను చూడరు, గుండెవాళ్లు ఎముకను చూడరు. ఆయన వచ్చి, వైర్లు తగిలించి, ఆపరేషన్ చేసుకోవచ్చన్నాడు. ఏమన్నా జరిగితే మాత్రం తనకు సంబంధం లేదన్నట్టు కూడా చెప్పి వెళ్లాడు. చిన్న డాక్టరని ఇంకొకరున్నారు. ఆపరేషన్లో కాలును లాగి పట్టుకునేది ఆయనే, బయట మా ప్రశ్నలన్నిటికీ "సార్ చెప్తారు" అని బదులు చెప్పేదీ ఆయనే. రెండో పనికే ఎక్కువ బలం కావాలనిపించింది నాకు.

అందరూ సిద్ధమయ్యాక కూడా ఆపరేషన్ మొదలు కాలేదు. మత్తు డాక్టరు రావాలన్నారు. ఆమె ఒక్కతే పొద్దున పొదిలిలో, మధ్యాహ్నం మార్కాపురంలో, సాయంత్రం గిద్దలూరులో మత్తిస్తుందట. ఆమె కారు వచ్చేదాకా ఆ గొప్ప సర్జను కూడా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరూ పైకి అనరు. చివరికి ఆమె వచ్చింది. సన్నగా, మామూలు చీరలో, టిఫిన్ బాక్సు సంచితో. మా అత్త ఆమెను చూసి, "సిస్టరూ, కాసిని వేన్నీళ్లు తెచ్చిపెట్టమ్మా" అంది. ఆమె నీళ్లు ఎక్కడున్నాయో చూపించి లోపలికి వెళ్లి నాయన నడుములో సూది వేసింది. నాయన ప్రాణం ఆ పూటంతా ఆమె చేతిలో ఉంది. బయటికి వచ్చాక దండాలన్నీ సర్జనుకే పడ్డాయి.

దండాల విషయంలో ఆమెకంటే పెట్టె మనిషి అదృష్టవంతుడు. రాడ్లూ స్క్రూలూ అన్ని సైజుల్లో స్టీలు పెట్టెలో పెట్టుకుని తెచ్చే కంపెనీ మనిషి అతను. ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే బూట్లు. ఆసుపత్రి మొత్తంలో డాక్టరులా కనబడింది అతనొక్కడే. ఆపరేషన్‌కు ముందే చిన్నన్న ఎదురుపోయి రెండు చేతులూ జోడించి, "మా నాయనను మీరే కాపాడాల సార్" అన్నాడు. అతను కాదనలేదు. "మాల్ మంచిదే వేస్తున్నాం అన్నా, భయపడొద్దు" అని భుజం తట్టాడు.

ఇక లోపలి జట్టు అంతా కలిపి ఎంతమందో, బయట మా జట్టు దానికి ఎన్నో రెట్లు. మా జట్టులోనూ ఎవరి పని వాళ్లకుంది. నాయన ఎట్ల పడ్డాడో వచ్చినవాళ్లందరికీ మొదటి నుంచి చెప్పేది ఒకరు. ఇట్లాగే పడి ఇక లేవని మనిషి కథ చెప్పేది ఇంకొకరు, ఆ మనిషి ప్రతి ఊర్లోనూ ఒకడుంటాడు. కొబ్బరి బోండాలు తెచ్చేవాళ్లు, ఆ బోండాలు తాగేవాళ్లు, అక్కడికి ఇదే పని మీద వచ్చినట్టు సంబంధాలు మాట్లాడుకునేవాళ్లు. వార్డు సిస్టరు వచ్చి "పేషెంటు తాలూకు ఎవరు?" అంటే అందరం లేస్తాం. మందులు తెచ్చేవాళ్లు కావాలంటే అందరం కూర్చుంటాం.

రాడ్డు చక్కగా పడింది. మర్నాడు పొద్దున ఫిజియోథెరపీ అతను వచ్చాడు. మార్కాపురం అతనే, ముస్లిం, మా చిన్నన్న ఈడు. ఈ జట్టులో అందరికంటే చివర వచ్చేదీ, అందరికంటే ఎక్కువ తిట్లు తినేదీ ఇతనే. వాకర్ తెచ్చి మంచం ముందు పెట్టి, "తాతా, లేస్తున్నాం" అన్నాడు. మా అత్త నోరు నొక్కుకుంది.

"ఏంది భాయ్, నిన్న కోసినారు, ఇయ్యాల నడవమంటావా? మనిషివేనా నువ్వు?"

"సారే చెప్పినారు అమ్మా. రాడ్డు బరువు మోస్తాది. నేను పక్కనే ఉంటా."

నాయన లేచాడు. వణుకుతూనే, వాకర్ మీద బరువు వేసి, రెండు అడుగులు వేశాడు కూడా. మూడోది వేసేలోపు మా అన్నలిద్దరూ ఒక్క దూకు దూకి చంకల కింద చేతులు వేసి ఆయన్ను పట్టుకున్నారు. "పట్టుకోవద్దన్నా, పక్కన ఉండండి చాలు" అని అతను ఎంత చెప్పినా వినలేదు. మా పల్లెలో ముసలాయన ఒక్కడే కుంటుతూ కనబడితే ఆయన కాలు గురించి ఎవరూ మాట్లాడరు. కొడుకులు చూసుకోవడం లేదని మాట్లాడతారు. అందుకని కొడుకు చెయ్యి తండ్రి చంక కింద ఉండాలి, ఉన్నట్టు నలుగురికీ కనబడాలి. ఫిజియో అతను నాకు మాత్రం వరుస నేర్పించాడు. ముందు వాకర్, తర్వాత దెబ్బ తగిలిన కాలు, తర్వాత మంచి కాలు. నేను డ్రిల్లు టీచర్నని తెలిసి సంతోషపడ్డాడు. నా ఉద్యోగం విని సంతోషపడిన మనిషిని అప్పుడే చూశాను.

డిశ్చార్జి చేశారు. నేను గిద్దలూరు వెళ్లిపోయాను, బడికి సెలవు లేదు. రోజూ ఫోన్ చేస్తే పెద్దన్న, "బ్రహ్మాండంగా నడిపిస్తున్నాం పాప, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి" అనేవాడు. ఫొటోలు పంపేవాడు. అన్నింట్లో నాయన ఇద్దరి మధ్యలో నిటారుగా నిలబడి ఉన్నాడు. ఫొటో నడుము వరకే ఉండేది. మా వాళ్లకు ముఖం పడితే చాలు, కాళ్లను ఎవరు తీస్తారు? నేను స్టాఫ్ రూములో అందరికీ చూపించి మురిసిపోయాను.

మళ్లీ డాక్టరుకు చూపించుకునే రోజు నేను సెలవు పెట్టి మార్కాపురం వెళ్లాను. సర్జను కొత్త ఎక్స్‌రే చూసి తలూపాడు. తర్వాత నాయన తొడ పట్టుకుని చూసి తలూపడం ఆపేశాడు. "లేచి నిలబడు పెద్దాయనా" అన్నాడు. అన్నలు అలవాటుగా చంకల్లో చేతులు వేశారు. "మీరు వదలండి" అన్నాడాయన. వాళ్లు వదిలారు. నాయన మోకాళ్లు రెండూ మడత పడ్డాయి, చిన్న డాక్టరు పట్టుకోకపోతే కింద పడేవాడే.

"ఎముక బాగా అతుకుతోంది. కండ మొత్తం కరిగిపోయింది. ఈయన అసలు నడవడమే లేదు. ఇంకొన్ని వారాలు ఇట్లాగే ఉంటే ఇక మంచమే, తర్వాత నేనేం చేయలేను" అన్నాడు సర్జను. ఆరోజు ఆయన మాట్లాడినన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదట. నాయన తల దించుకుని తన కాళ్ల వైపే చూస్తున్నాడు. అమ్మ గది కళ్ల ముందుకొచ్చింది.

అన్నలకు మాత్రం కోపమొచ్చింది. రోజూ చెమటలు పట్టేలా నడిపిస్తుంటే నడవడం లేదంటాడేంది ఈయన అని దారి పొడుగునా తిట్టుకున్నారు. ఆ సాయంత్రం నేను ఇంట్లో ఉండి వాళ్ల నడిపించడం మొదటిసారి చూశాను. మా అన్నలిద్దరూ ఆరడుగుల మనుషులు. నాయన పొట్టి. కుడి చంకలో పెద్దన్న, ఎడమ చంకలో చిన్నన్న చేతులు వేసి ఎత్తితే నాయన కాళ్లు నేలకు జానెడు పైన ఆడుతున్నాయి. అట్లాగే వీధి చివరిదాకా, మళ్లీ వెనక్కి. మా వదిన వాకర్‌ను రెండు చేతులా పట్టుకుని అందరికంటే ముందు నడుస్తోంది, ఊరేగింపులో గొడుగు పట్టినట్టు. అరుగుల మీద వాళ్లు చూసి, "కొడుకులంటే వీళ్లు" అంటున్నారు. అన్నలకు నిజంగానే చెమటలు పట్టాయి. తండ్రి బరువంతా వాళ్లే మోస్తున్నారు మరి.

నేను నవ్వలేకపోయాను. "దింపండి ఆయన్ను. కాలు నేలకు ఆనాల" అన్నాను.

"పడితే?" అన్నాడు పెద్దన్న.

"పడకుండా పక్కన నిలబడు."

"నీ బడిలో పిల్లకాయలనుకున్నావా కోడలా?" అంది అత్త. "విరిగిన కాలు అది. ఆడపిల్లవు, నీకంత రాతిగుండె ఎట్ల వచ్చింది?"

నాయన వైపు చూశాను. ఆయన అన్నల మెడల చుట్టూ చేతులు ఇంకా గట్టిగా బిగించాడు. "వదలబాకండి రా" అన్నాడు వాళ్లతో. మంచంలో పెట్టొద్దని నా చెయ్యి పట్టుకున్న మనిషే. నేల మీద కాలు పెట్టాలంటే ఆయనకు ప్రాణం పోతోంది. నాకు ఏడుపొచ్చింది. నా ముఖం చూసి అందరూ కోపం అనుకున్నారు, నేనూ అట్లాగే అనుకోనిచ్చాను.

దేవుడు మా బంధువుల్లో ఒకరికి పొదిలిలో పెళ్లి పెట్టాడు. పోకపోతే మాట వస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ పోవాలి. నేను ఉంటానన్నాను. వాళ్లకు నా మీద నమ్మకం లేదు, కానీ పెళ్లి భోజనం మీద ఉంది. ఎదురింటి మామను ఒక కన్ను వేసి ఉంచమని చెప్పి, నాయనను జాగ్రత్తగా పట్టుకోమని నాకు నాలుగుసార్లు చెప్పి, ఆటో ఎక్కారు.

ఎండ తగ్గాక నాయన, "పాప, వసారాలోకి తీసుకుపో" అన్నాడు. వాకర్ తెచ్చి మంచం ముందు పెట్టాను. ఒక కుర్చీ వెనకాల వేశాను. తర్వాత గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాను.

"పట్టుకో."

"పట్టుకోను నాయనా. లెయ్యి, పక్కనే ఉంటా."

ముందు బతిమాలాడు. తర్వాత తిట్టాడు. నన్ను చదివించినందుకు, ఆటలకు పంపినందుకు, పుట్టించినందుకు కూడా తిట్టాడు. అన్నలు వచ్చాక నా సంగతి చెప్తానన్నాడు. వాళ్లు చీకటిపడితే గానీ రారన్నాను. "ఓ బావా" అని ఎదురింటి మామను కేకేశాడు. ఎదురింట్లో టీవీ మోగుతోంది, కేక అక్కడిదాకా పోలేదు. నా అన్యాయం గురించి ఎవరికైనా చెప్పాలంటే వసారాలోకి పోవాలి. పోవాలంటే లేవాలి.

లేచాడు. నేను కుడివైపు జరిగి నిలబడ్డాను, ముట్టుకోలేదు, చెయ్యి మాత్రం ఆయన నడుము వెనక గాలిలో ఉంచాను. "వాకర్ ముందుకు. కుడికాలు. ఇప్పుడు ఎడమ" అన్నాను, గ్రౌండులో చెప్పే గొంతుతో. "నోర్ముయ్" అంటూ కుడికాలు వేశాడు. "రాక్షసివి" అంటూ ఎడమకాలు వేశాడు. గడప దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, మా అత్తను మించిన తిట్టు ఒకటి వెతుక్కుని, గడప దాటాడు.

వసారా స్తంభం దగ్గర నిలబడి మళ్లీ కేకేశాడు. ఈసారి ఎదురింటి మామ టీవీ తగ్గించి బయటికి వచ్చాడు. "చూడు బావా, కన్నకూతురు. పడిపోతా పట్టుకోవే అంటే చేతులు కట్టుకుని చూస్తాంది" అన్నాడు నాయన. మామ బీడీ తీసేసి నా వైపు చాలా నొచ్చుకున్నట్టు చూశాడు. "తప్పు గదమ్మా. తండ్రిని అట్ల వదిలేస్తారా? ఎంత చదువుకున్నా మనిషికి కొంచెం దయ ఉండాల" అన్నాడు. ఇద్దరూ కలిసి చాలాసేపు నన్ను చీవాట్లు పెట్టారు. అంతసేపూ నాయన తన కాళ్ల మీద తను నిలబడి ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. నేను కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసి, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా పిల్లలు జిల్లా పోటీల్లో గెలిచినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

వాళ్లు పెళ్లి నుంచి రాగానే నాయన ఫిర్యాదు మొదలుపెట్టాడు. పెద్దన్న నా మీద ఎగిరాడు. అత్త నెత్తి కొట్టుకుంది. "ఎట్ల నడిపించిందో చూపిస్తా చూడండి" అని నాయన వాకర్ అందుకున్నాడు. అన్నలు చంకల్లోకి దూరబోతే, "తప్పుకోండి రా, మీరు పట్టుకుంటే అది చేసిన దారుణం ఏం తెలుస్తాది?" అన్నాడు. ఆ దారుణాన్ని గడప దాకా చూపించి వెనక్కి వచ్చాడు. మర్నాడు పాలు పోయడానికి వచ్చినామెకు చూపించాడు. ఆ వారంలో ఊళ్లో సగం మందికి చూపించాడు. నేను సెలవు పొడిగించుకుని రోజూ తిట్లు తిన్నాను.

తర్వాతి సారి మార్కాపురం వెళ్లినప్పుడు వాకర్‌తో ఆయనే డాక్టరు గదిలోకి నడిచాడు. సర్జను తన రాడ్డు వైపు ప్రేమగా చూసుకున్నాడు. పెద్దన్న రోజూ తాగించిన మేక కాళ్ల పులుసు గురించి చెప్పాడు. అత్త మొక్కు గురించి చెప్పింది. వరండాలో ఎదురైన పెట్టె మనిషి మాల్ గురించి గుర్తుచేశాడు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు.

తిరిగి బయటికి పోయేటప్పుడు ఆసుపత్రి మెట్లు దిగాల్సి వచ్చింది. లోపలికి వచ్చేటప్పుడు పక్కనున్న వాలుదారి మీదుగా ఎక్కించాం. ఇప్పుడు దానికి అడ్డంగా ఎవరిదో బండి పెట్టి ఉంది. అన్నలిద్దరూ చొక్కా చేతులు మడుచుకుని ఆయన్ను ఎత్తడానికి ముందుకొచ్చారు. నాయన మెట్ల వైపు చూశాడు. ముఖంలో ఆ పాత భయమే ఉంది. వాళ్లను చేత్తో పక్కకు జరిపి, వెనక నిలబడ్డ నా కోసం వెతుక్కున్నాడు.

"మీరొద్దు. మీరుంటే ఎత్తుకుంటారులే అని కాలు లేవదు నాకు" అన్నాడు. "పాప, నువ్వు రా. నువ్వయితే పట్టుకోవు."